ఢిల్లీ అనే పేరు ఎక్కడిది? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఊళ్ల పేర్ల గురించి గత సంచికలో ఇచ్చిన ఒక చిన్న సమాధానం చదివిన తరువాత, నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు కొందరు దేశ రాజధాని పేరు గురించి అడుగుతూ ఉత్తరాలు రాశారు. పొట్టిగా ముగించదగిన విషయం కాదు కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా ఢిల్లీకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: "ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే" అని మా అత్తగారు తరచూ అంటుంటారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అది విని, "ఢిల్లీ అంటే అర్థమేమిటి నాయనమ్మా?" అని అడిగాడు. భారతంలోని ఇంద్రప్రస్థమే ఢిల్లీ అని ఆమె చెప్పారు. కాదు, అక్కడి ఇనుప స్తంభం వదులు కావడం వల్ల ఆ పేరు వచ్చిందని మావారు అన్నారు. వీటిలో ఏది నిజం? – ఒక గృహిణి, కావలి

జవాబు: మీ అత్తగారి మాట వెనుకా, మీవారి మాట వెనుకా శతాబ్దాల ప్రచారం ఉంది. అయితే ఆమె చెప్పినది ఆ చోట వెలసిందని నమ్మే తొలి పట్టణం గురించి, ఆయన చెప్పినది చాలా కాలం తరువాత వినిపించిన పేరు గురించి. రెంటినీ విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది.

ధృతరాష్ట్రుడు పాండవులకు ఖాండవప్రస్థాన్ని పంచి ఇవ్వగా వారు అక్కడ ఇంద్రప్రస్థాన్ని నిర్మించుకున్నారని మహాభారతం చెబుతోంది. యమున ఒడ్డున ఈనాడు పురానా ఖిలా అని పిలుస్తున్న కోట ఉన్న దిబ్బే ఆ చోటని అక్కడివారి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల వరకు ఆ కోట గోడల లోపలే ఇంద్రపత్ అనే పల్లె ఉండేది. కొత్త రాజధాని కట్టే రోజుల్లో ఆ పల్లెను ఖాళీ చేయించారు. ఢిల్లీని మొదట ఇంద్రపత్ అనేవారని అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ కూడా రాశాడు. భారత పురావస్తు శాఖ 1954-55లోనూ, తిరిగి 1969-73 మధ్యలోనూ ఆ కోటలో తవ్వకాలు జరిపినప్పుడు మౌర్యుల కాలం నుంచి మొగలుల కాలం దాకా ఒకదానిపై ఒకటిగా పేరుకున్న జనావాసాల పొరలు బయటపడ్డాయి. అంతకన్నా పాతవైన, బూడిదరంగు మీద నల్లని గీతలున్న కుండపెంకులు కూడా కొన్ని దొరికాయి. హస్తినాపురం తవ్వకాలలో దొరికినవీ ఇటువంటి పెంకులే. పాండవుల నగరం ఇదేనని తేల్చి చెప్పడానికి అవి చాలవు. కానీ రెండువేల ఏళ్లకు పైగా మనుషులు విడవకుండా నివసించిన చోటు ఇది అని చెప్పడానికి నిస్సందేహంగా చాలుతాయి. కాబట్టి మీ అత్తగారు చెప్పినదాన్ని కొట్టిపారేయవలసిన పని లేదు. ఢిల్లీ అనే పేరు మాత్రం ఇంద్రప్రస్థం నుంచి రాలేదు.

ఇక మీవారు చెప్పిన కథ. తోమర వంశపు రాజు అనంగపాలుడికి ఒక బ్రాహ్మణుడు ఇనుప స్తంభాన్ని చూపి, ఇది భూమిలో లోతుగా దిగి వాసుకి పడగ మీద నిలిచి ఉన్నదనీ, ఇది కదలనంతకాలం నీ వంశానికి రాజ్యం స్థిరమనీ చెప్పాడట. రాజుకు నమ్మకం కుదరక స్తంభాన్ని పెరికించి చూడగా దాని అడుగున నెత్తురు అంటి ఉన్నదట. భయపడి తిరిగి పాతించాడు గాని అది మునుపటిలా గట్టిగా నిలవలేదు. మేకులా పాతిన ఆ స్తంభం వదులైంది అనే అర్థంలో, హిందీలో వదులును చెప్పే 'ఢీలీ' అనే మాట మీదుగా ఊరికి ఢిల్లీ అనే పేరు వచ్చిందని ఆ కథ ముగుస్తుంది. పృథ్వీరాజును కీర్తించే పాత హిందీ కావ్యం ఈ కథను ఊరూరా ప్రచారం చేసింది.

ఈ స్తంభం ఇప్పటికీ మెహ్రౌలీలో కుతుబ్ మీనార్ పక్కన ఉంది. ఎత్తు దాదాపు 7.2 మీటర్లు, బరువు 6 టన్నులకు పైమాటే. దాని మీద చంద్రుడనే రాజును స్తుతించే సంస్కృత శాసనం ఉంది. ఆ చంద్రుడు గుప్త చక్రవర్తి రెండవ చంద్రగుప్తుడని అత్యధికుల అభిప్రాయం. విష్ణుపదమనే కొండ మీద విష్ణుధ్వజంగా నిలిపిన స్తంభమని ఆ శాసనమే చెబుతున్నందువల్ల, ఇది వేరేచోటి నుంచి ఢిల్లీకి తరలి వచ్చిందని భావిస్తారు. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ కనింగ్‌హామ్ దాని మొదలు తవ్వించి చూశాడు. వాసుకి పడగ దాకా పోవడం మాట అటుంచి, స్తంభం నేలలోకి దిగినది మూడు నాలుగు అడుగులు మాత్రమే. అడుగుభాగం ఉల్లిగడ్డలా ఉబ్బి, ఇనుప కడ్డీల మీద నిలిచి, సీసంతో రాతికి అతికించి ఉంది. అది వదులుగా లేదు.

అయినా ఈ కథలో చరిత్ర జాడ బొత్తిగా లేదని అనలేము. స్తంభం మీద అనంగపాలుడి పేరుతో విక్రమ సంవత్సరం 1109 నాటి, అంటే క్రీ.శ. 1052 నాటి, ఒక చిన్న పంక్తి చెక్కి ఉంది. ఆ ఏడు అనంగపాలుడు ఢిల్లీలో జనాన్ని నిలిపాడు అనే అర్థం వచ్చేలా కనింగ్‌హామ్ దానిని చదివాడు. అక్కడ ఉన్నది ఊరి పేరు కాదు, మేకును చెప్పే మాట అనీ, అనంగపాలుడు స్తంభాన్ని గట్టిగా బిగించాడన్నదే ఆ పంక్తి భావమనీ తరువాతి కాలపు పురావస్తు పండితుడు బి.ఆర్. మణి చదివాడు. ఈ రెండో పఠనం సరైనదైతే, స్తంభాన్ని నిలిపిన ముచ్చట జనం నోట పడి, కాలక్రమాన తిరగబడి, వదులైన మేకు కథగా మారిందని ఊహించవచ్చు. ఈ ఊహ నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

పేరుకు గట్టి ఆధారాలు శాసనాలలో ఉన్నాయి. రాజస్థాన్‌లోని బిజోలియాలో 1170 నాటి శాసనం ఒకటి చాహమాన (చౌహాన్) రాజు విగ్రహరాజు ఢిల్లికను పట్టుకున్న సంగతి చెబుతుంది. 1328 నాటి సర్బన్ శాసనం మరీ విశదంగా, భూమి మీద స్వర్గంతో సమానమైన హరియాణమనే దేశం ఉన్నదనీ, అందులో తోమరులు నిర్మించిన ఢిల్లిక అనే పురి ఉన్నదనీ శ్లోకంలో చెబుతుంది. విశేషమేమిటంటే అదే శాసనంలో ఇంద్రప్రస్థం పేరు కూడా ఉంది. అయితే అది రాజధాని పేరుగా కాక ఆ చుట్టుపట్ల ఊళ్లు చేరిన ఒక విభాగం పేరుగా ఉంది. అంటే మీ అత్తగారు చెప్పిన పేరు, ఊరి అసలు పేరు 14వ శతాబ్దంలో పక్కపక్కనే బతికి ఉన్నాయి.

ఈ రెండు శాసనాలకు నడుమ 1276లో వేయించిన పాలం శాసనం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఈనాడు విమానాశ్రయం ఉన్న పాలం గ్రామంలో ఉద్ధరుడనే వర్తకుడు బాటసారుల కోసం దిగుడుబావి తవ్వించి, దాని మీద సంస్కృతంలో శాసనం వేయించాడు. అప్పుడు ఢిల్లీని ఏలుతున్నది సుల్తాను బల్బన్. ఈ భూమిని మొదట తోమరులు, తరువాత చాహమానులు అనుభవించారనీ, ఇప్పుడు శక రాజులు ఏలుతున్నారనీ శాసనం వరుసగా చెబుతుంది. శకులని దాని ఉద్దేశం సుల్తానులే. భూభారమంతా బల్బనే మోస్తున్నాడు కనుక విష్ణుమూర్తి ఆ చింత విడిచి పాలసముద్రంలో హాయిగా నిద్రిస్తున్నాడని పొగుడుతుంది. ఊరి పేరును ఢిల్లి అనీ, యోగినీపురమనీ రెండు విధాల పేర్కొంటుంది. ఒక సాధారణ వర్తకుడు సుల్తాను కాలంలో, సంస్కృతంలో, విష్ణుమూర్తిని తలచుకుంటూ, దాహం తీర్చే బావి మీద రాయించిన మాటలవి. ఆనాటి ఊరు ఎటువంటిదో ఏ రాజప్రశస్తి కన్నా ఇది బాగా చెబుతుందని నా నమ్మకం. మీ అబ్బాయికి ఈ బావి కథ తప్పక చెప్పండి.

ఇంకా రెండు వాదాలు ఉన్నాయి. ధిలు అనే రాజు పేరు మీద ఊరు వెలసిందని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆయన రాసింది 17వ శతాబ్దపు తొలినాళ్లలో కనుక, ఆ రాజు జీవించాడని చెప్పే కాలానికీ ఆయనకూ మధ్య పదహారు శతాబ్దాలకు పైగా దూరం ఉంది. గంగా మైదానానికి ఇది గడప వంటిది కనుక గడపను చెప్పే దేహళి, దెహ్లీజ్ అనే మాటల నుంచి పేరు వచ్చిందన్నది రెండో వాదం. గడప మీది దీపం లోపలా బయటా వెలుగిస్తుందనే దేహళీదీప న్యాయం తెలిసిన తెలుగువారికి ఇది వెంటనే నచ్చుతుంది. కానీ దెహ్లీ అనే రూపం పారసీక రచనలలో కనిపించేది. స్థానిక శాసనాలలో ఉన్నది ఢిల్లి, ఢిల్లిక అనే రూపాలు. స్థానికులు రాసుకున్న రూపాన్ని పక్కనపెట్టి దూరాన ఉన్నవారు పలికిన రూపం మీద అర్థం కట్టడం సరికాదు. ఢిల్లిక అనేది ఆ చోట ముందునుంచీ ఉన్న ఒక చిన్న ఊరి పేరేననీ, తోమరులు కోట కట్టడంతో అది నగరం పేరు అయిందనీ, పేరు పెద్దదయ్యాకే అర్థం వెదికే కథలు పుట్టాయనీ నా అభిప్రాయం.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. ఢిల్లీ, డిల్లీ, దిల్లీ అని ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాసి ఇస్తున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: హిందీలో ఇప్పుడు దిల్లీ అని రాస్తారు, ఉర్దూలో దెహ్లీ అంటారు. ఆ పలుకుబడిని అనుసరించి కొన్ని తెలుగు పత్రికలు దిల్లీ అని రాస్తున్నాయి. అది తప్పు కాదు. కానీ తరతరాలుగా తెలుగులో స్థిరపడినది ఒత్తు ఢ తో ఉన్న ఢిల్లీ. పై జవాబులో చెప్పిన పాత శాసనాలలోనూ మొదటి అక్షరం సరిగ్గా ఢకారమే. కనుక నేను ఢిల్లీ అనే రాస్తాను. ఒత్తు లేని డిల్లీకి మాత్రం ఆధారం లేదు. వాడుకరి ఏది రాసి ఇచ్చినా ఒక పత్రంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే రూపం ఉండేలా చూడండి.

ప్రశ్న: ఢిల్లీ ఏడుసార్లు కట్టిన నగరమని మా చరిత్ర మాస్టారు చెప్పారు. ఏడుసార్లు కట్టినప్పుడు ఏడు పేర్లు ఉండాలి కదా? అవి ఏమయ్యాయి? – ఒక డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఏడు పేర్లూ ఉన్నాయి, మీరూ వినే ఉంటారు. అవి ఇప్పుడు నగరాల పేర్లుగా కాక పేటల పేర్లుగా, కోటల పేర్లుగా వినిపిస్తున్నాయి కనుక గుర్తుపట్టలేకపోతున్నాము.

తోమరులు 11వ శతాబ్దంలో కట్టిన లాల్ కోట్‌ను చాహమానులు 12వ శతాబ్దంలో పెంచగా అది ఖిలా రాయ్ పిథోరా అయింది. 1192లో తరాయిన్ వద్ద పృథ్వీరాజు ఓడిపోయిన తరువాత కుతుబుద్దీన్ ఐబక్ ఆ కోటనే తన స్థావరంగా చేసుకున్నాడు. ఇల్టుట్మిష్ కాలానికి ఢిల్లీ సుల్తానుల రాజధానిగా స్థిరపడింది. మంగోలుల దాడులకు తట్టుకోవడానికి అలావుద్దీన్ ఖిల్జీ 1303 ప్రాంతంలో సిరి కట్టించాడు. దాని పేరును ఇవాళ సిరిఫోర్ట్ ఆడిటోరియం మోస్తోంది. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో తుగ్లకాబాద్ మొదలుపెట్టాడు. అది ఇప్పుడొక రైల్వే స్టేషను పేరు. అతని కొడుకు మహమ్మద్ బిన్ తుగ్లక్ పాత ఢిల్లీనీ, సిరినీ కలుపుతూ గోడ కట్టించి దానికి జహాపనా అని పేరు పెట్టాడు. ఫిరోజ్ షా తుగ్లక్ 1354లో కట్టించిన ఫిరోజాబాద్‌లో మిగిలినది కోట్లా; క్రికెట్ చూసేవారందరికీ ఆ పేరు సుపరిచితం. హుమాయూన్ 1533లో ప్రారంభించిన దీన్‌పనా ఇప్పటి పురానా ఖిలా. షాజహాన్ 1639లో శంకుస్థాపన చేసి 1648లో ప్రవేశించిన షాజహానాబాద్‌ను జనం పాత ఢిల్లీ అంటున్నారు.

పాలకులలో చాలామంది తమ పేరో, ఆశ్రయమనే అర్థం వచ్చే పేరో పెట్టి, పాత ఊరు మరుగున పడాలనే ఆశించారు. జనం మాత్రం ఆ కొత్త ఊళ్లన్నిటినీ ఢిల్లీ అనే పిలిచారు. షాజహానాబాద్ ప్రాకారానికి దక్షిణాన ఉన్న ద్వారం పేరే ఇందుకు చక్కటి సాక్ష్యం. ఆ ద్వారాలకు ఎటు దారి తీస్తే ఆ ఊరి పేరు పెట్టారు: లాహోరుకు దారి తీసేది లాహోరీ దర్వాజా, అజ్మీరు వైపు తెరుచుకునేది అజ్మేరీ దర్వాజా. అలాగే దక్షిణాన, పాత పట్టణాల వైపు తెరుచుకునేది ఢిల్లీ దర్వాజా. షాజహాన్ కాలపు వాడుకలో ఢిల్లీ అంటే గోడకు అవతల, దక్షిణాన ఉన్న పాత ఊరు. తరువాత ఆ పేరే గోడ దాటి లోపలికి వచ్చి షాజహానాబాద్‌ను కప్పివేసింది.

ఈ ఏడింటిలో తుగ్లకాబాద్ కట్టించిన గియాసుద్దీన్‌కు తెలుగుదేశంతో సంబంధం ఉంది. అతని కొడుకు ఉలుగ్ ఖానే, అంటే తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లకే, 1323లో ఓరుగల్లును పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతోంది. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం తల ఎత్తింది. మన పూర్వులకు ఢిల్లీ అనేది ఏదో దూరపు ఊరి పేరు కాదు, తమ రాజ్యాల గతిని మార్చిన పేరు. సామెతలో రాజు ఢిల్లీకే ఎందుకు రాజయ్యాడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మీరు నెల్లూరు వారు కనుక ఒక పోలిక చెబుతాను. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్న కాలాన మీ ఊరికి విక్రమసింహపురి అనే రాజసమైన పేరు ఉండేది. నెల్లూరు అన్నది జనం పేరు. వరిని చెప్పే నెల్లు నుంచి వచ్చిందని కొందరు, ఉసిరికను చెప్పే నెల్లి నుంచి వచ్చిందని కొందరు అంటారు. అదే శతాబ్దంలో అక్కడ యోగినీపురం, ఢిల్లి అనే రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. రెండు చోట్లా జనం పేరే ఊరికి నిలిచింది. సింహపురి పేరు గూడూరు నుంచి వెళ్లే రైలుకూ, మీ విశ్వవిద్యాలయానికీ దక్కింది. అది మాసిపోలేదు, గౌరవంగానే ఉంది. అయినా బస్సు ఎక్కి ఎవరూ సింహపురికి టిక్కెట్టు అడగరు.

ప్రశ్న: ఢిల్లీ ఉండగా న్యూఢిల్లీ ఎందుకు కట్టారు? ఆ పేరు ఎవరు పెట్టారు? రాజ్యాంగం ప్రకారం మన రాజధాని ఢిల్లీయా, న్యూఢిల్లీయా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మాస్టారు గారూ, 1857 తిరుగుబాటు అణచివేత తరువాత బ్రిటిష్ వారు ఢిల్లీని దాదాపు శిక్షించినంత పని చేశారు. మొగలుల రాజధానిని 1858లో పంజాబు కింద ఒక జిల్లా పట్టణంగా కలిపివేశారు. అర్ధశతాబ్దం పైన ఆ స్థితి సాగింది. రాజధాని కలకత్తాలో ఉండేది, వేసవిలో ప్రభుత్వమంతా సిమ్లా కొండ ఎక్కేది.

బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా రేగిన ఉద్యమంతో కలకత్తా పాలకులకు సుఖమైన చోటు కాకుండా పోయింది. వైస్రాయి హార్డింజ్ ప్రభుత్వం 1911 ఆగస్టు 25న లండనుకు పంపిన లేఖలో రాజధానిని ఢిల్లీకి మార్చాలనీ, విభజనను రద్దు చేయాలనీ సూచించింది. ఈ రెండు నిర్ణయాలనూ 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి స్వయంగా ప్రకటించేదాకా రహస్యంగా ఉంచారు. మూడు రోజులకు, డిసెంబరు 15న, చక్రవర్తి దంపతులు దర్బారు స్థలం దగ్గరే శంకుస్థాపన రాళ్లు వేశారు. తరువాత పరిశీలించగా ఆ స్థలం యమున వరద, దోమల బెడద ఉన్న పల్లపు నేల అని తేలింది. నగర నిర్మాణ సంఘం దక్షిణాన ఉన్న రైసినా గుట్టను ఎంచుకుంది. చక్రవర్తి వేసిన రాళ్లను పెరికి అక్కడికి తరలించారు. ఎడ్విన్ లుటియెన్స్, హెర్బర్ట్ బేకర్ అనే వాస్తుశిల్పులు ఆ గుట్ట మీద వైస్రాయి భవనాన్ని, సచివాలయ భవనాలను కట్టారు. పని ముగిసేదాకా ప్రభుత్వం సివిల్ లైన్స్‌లోని తాత్కాలిక సచివాలయంలో నడిచింది. ఇప్పుడు ఢిల్లీ శాసనసభ సమావేశమవుతున్నది ఆ భవనంలోనే.

ఆ గుట్ట చుట్టూ ఉన్న నేల ఖాళీ నేల కాదు. రైసినా, మాల్చా వంటి పల్లెల రైతుల పొలాలు, ఇళ్లు అక్కడ ఉండేవి. 1894 నాటి భూసేకరణ చట్టం కింద వారిని కదిలించారు. సోమశిల జలాశయం కోసం ఊళ్లు వదులుకున్న కుటుంబాలను ఎరిగిన మన ప్రాంతం వారికి ఆ బాధ వివరించి చెప్పనక్కరలేదు. రాయబార కార్యాలయాల నడుమ సాగే మాల్చా మార్గ్ అనే వీధి పేరులో ఆ పల్లె మిగిలింది. రాజధాని వైభవం చెప్పే పుస్తకాలు లుటియెన్స్ గురించి పేజీలకు పేజీలు రాసి, ఈ రైతులను ఒక వాక్యంలో దాటిపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

పేరు విషయానికి వస్తే, కడుతున్నంతకాలం ఆ ఊరిని కొందరు రైసినా అనీ, అధికారులు ఇంపీరియల్ ఢిల్లీ అనీ అనేవారు. సామ్రాజ్యాన్ని చాటే పేర్లు పెట్టాలని ఉబలాటపడినవారు లేకపోలేదు. చివరకు 1926 ముగింపులో న్యూఢిల్లీ అనే పేరును చక్రవర్తి ఆమోదంతో ప్రకటించగా 1927 నుంచి అది అమలులోకి వచ్చింది. అంత అట్టహాసం చేసినవారు కూడా ఢిల్లీ అనే మాటను తీసివేయలేకపోయారు, దాని ముందు కొత్త అని చేర్చి ఊరుకున్నారు. ఇప్పుడు పాత పార్లమెంటు భవనమని పిలుస్తున్న వలయాకారపు కౌన్సిల్ హౌస్‌ను 1927 జనవరి 18న వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన టంగుటూరి ప్రకాశం పంతులు ఆ సభలో సభ్యులు. వినోదరాయునిపాలెంలో పుట్టి, పేదరికంలో చదువుకుని, ఆ కొత్త రాజధానిలో కూర్చుని తెల్లదొరల ప్రభుత్వాన్ని ప్రశ్నించిన మనిషి మన ప్రాంతం వాడు కావడం గర్వించదగిన విషయం. నగరాన్ని లాంఛనంగా ప్రారంభించినది 1931 ఫిబ్రవరిలో. ఆ తరువాత పదహారేళ్లకే దానిని కట్టినవారు దేశం విడిచి వెళ్లిపోయారు.

మీ చివరి ప్రశ్న సూక్ష్మమైనది. దేశ రాజధానిగా వ్యవహరించేది న్యూఢిల్లీని. అది ఢిల్లీ అనే పెద్ద ప్రాంతంలో ఒక చిన్న భాగం. 1991లో చేసిన 69వ రాజ్యాంగ సవరణ ద్వారా ఢిల్లీ అంతటికీ జాతీయ రాజధాని ప్రాంతం అనే హోదా వచ్చింది, శాసనసభ ఏర్పడింది. ఆ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 1,483 చదరపు కిలోమీటర్లు కాగా, రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, కన్నాట్ ప్లేస్ ఉన్న న్యూఢిల్లీ పురపాలక మండలి పరిధి సుమారు 43 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పాఠం చెప్పేటప్పుడు రాజధాని న్యూఢిల్లీ అనీ, అది ఉన్న ప్రాంతం ఢిల్లీ అనీ చెబితే సరిపోతుంది.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం మొదటిసారి ఢిల్లీ వెళుతున్నాడు. టిక్కెట్టు తీసేటప్పుడు న్యూఢిల్లీ, ఢిల్లీ జంక్షన్, హజ్రత్ నిజాముద్దీన్ అని మూడు పేర్లు కనిపించాయి. ఇవి ఒకే ఊరా, వేరువేరా? – ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: మూడూ ఒకే మహానగరంలోని స్టేషన్లు. వాటి పేర్లు పైన చెప్పిన చరిత్రలోని మూడు కాలాలకు చెందినవి. ఢిల్లీ జంక్షన్ అంటే పాత ఢిల్లీ స్టేషను. ఇది షాజహానాబాద్‌లో, చాందినీ చౌక్‌కు దగ్గరలో ఉంది. న్యూఢిల్లీ స్టేషను పాత ఊరి అజ్మేరీ దర్వాజాకూ పహాడ్‌గంజ్‌కూ నడుమ, అంటే పాత నగరం అంచున, కన్నాట్ ప్లేస్‌కు చేరువలో ఉంది. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషను ఆగ్నేయాన, 1325లో మరణించిన సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దర్గా ఉన్న పేటకు సమీపంలో ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ దండయాత్ర ముగించుకుని తిరిగి వస్తూ తనను ఊరు విడిచి పొమ్మని కబురు పంపితే, "ఢిల్లీ ఇంకా దూరం" అని ఆ గురువు జవాబిచ్చాడనీ, సుల్తాను ఊరు చేరకుండానే స్వాగత మండపం కూలి మరణించాడనీ చెప్పుకుంటారు. మండపం కూలడం చరిత్రలో ఉన్నదే, సంభాషణ మాత్రం జనశ్రుతి.

ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్లే ఢిల్లీ రైళ్లలో కొన్ని న్యూఢిల్లీకి, కొన్ని హజ్రత్ నిజాముద్దీన్‌కు చేరతాయి. గ్రాండ్ ట్రంక్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లు న్యూఢిల్లీ రైళ్లు. అబ్బాయి ఇంటర్వ్యూ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు ఉన్న వైపు అయితే రెండింటిలో ఏది దొరికినా ఇబ్బంది లేదు. న్యూఢిల్లీ స్టేషనుకు మెట్రో ఆనుకునే ఉంది. నిజాముద్దీన్‌లో దిగితే పక్కనే ఉన్న సరాయ్ కాలే ఖాన్ మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లవచ్చు. దిగవలసిన స్టేషను పేరును టిక్కెట్టు మీద ఉన్నట్టే కాగితం మీద రాసి ఇవ్వండి. ఆటోవాడికి ఉత్త "ఢిల్లీ స్టేషను" అని చెబితే అతడు పాత ఢిల్లీకి తీసుకుపోయే అవకాశం ఉంది. తిరుగు ప్రయాణంలో ఈ పొరపాటు వల్లే చాలామంది రైలు తప్పిపోతుంటారు.